ఆటోనగర దర్శనము

విజయవాడకు బోవు స్త్రీలు కనకదుర్గమ్మ కొండ నెక్కుదురు, కృష్ణలో స్నానమాడుదురు, బీసెంటు రోడ్డున చీరలు బేరమాడి యిండ్లకు మరలుదురు. ఆటోనగరమును చూచి రావలెనని కోరి పోయిన స్త్రీని మే మింతవఱకు చూచి యెఱుగము. మేమును కోరి పోలేదు. అయినను గడచిన కార్తికమాసమున నచ్చట గడపిన యొక పగటిని గూర్చి వ్రాయుట సోదరీమణులకు నిరుపయోగము గాదని తోచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి. నేడు కారు గల గృహము లనేకము. అందు కూర్చుండి పోవువారము మనము, మన బిడ్డలు, మన పెద్దలు. దాని చక్రములు కుదురుగా నున్నవో లేవో యరయుట మాత్రము మగవారి పని యని యూరకుందుము.

మా కారు అంబాసిడరు. 1987వ సంవత్సరమున మా మామగారు కొన్నది. దీని కులమూలము ఇంగ్లండు నందలి మారిస్ ఆక్స్‌ఫర్డు అను కారు. పశ్చిమ వంగమున కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడ కర్మాగారములో 1958 మొదలు 2014 వఱకు అంబాసిడర్లు తయారయ్యెను. ఇప్పుడు క్రొత్తది కొందమన్నను దొరకదు. మా మరిదిగారు హైదరాబాదున నుద్యోగులు. వచ్చినప్పుడెల్ల “వదినా, ఇంకా ఈ ఇనుప ఏనుగును మేపుతున్నారా? పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చెయ్యండి” అనుట వారికి వాడుక. కారు గుమ్మము దాటకమునుపే యీ శల్యసారథ్య మొకటి.

మా అత్తగారికి శ్రీశైల మల్లికార్జునుని మ్రొక్కు చాల కాలముగా నిలిచియున్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్లెక్కి దిగజాలరు. అద్దె కారు మాట్లాడుదుమన్న నామె యొప్పలేదు. “ఆయన కొన్న బండి ఇంట్లో ఉండగా ఇంకొకరి బండిలో ఎక్కి దేవుడి దగ్గరికి వెళ్ళమంటావా?” అని మా వారితో ననిరి. ఆ మాటకు మా వారు మరల బదులు చెప్పలేదు. కాని కారు మాత్రము కొన్ని నెలలనుండి తిన్నగా నడచుట మానినది. మా యూర నొక మరమ్మతు దుకాణమున చూపగా, స్టీరింగు రాకు మొత్తము మార్చవలెననియు, అందులకు పదునెనిమిదివేల రూపాయ లగుననియు, అంతకు తక్కువైన పని యేదియు లేదనియు చెప్పిరి. బడిపంతులు గారి జీతమున పదునెనిమిదివేలన్న నేమో పంతుళ్ళ యిండ్ల స్త్రీలకు వేఱుగ చెప్ప బనిలేదు. ఆ సొమ్ము రాకునకు పోయిన శ్రీశైలము మఱుసటి కార్తికమునకే. కావున శనివారమున విజయవాడలో పటమటనున్న మా ఆడపడుచు గారింట దిగి, దాపుననే యున్న ఆటోనగరమున మఱియొక చేతికి కారు చూపి, సరియైన నాదివారము శ్రీశైలమునకు, కానిచో వెనుకకు బందరునకు పోవుదమని నిశ్చయించుకొంటిమి.

బందరునుండి విజయవాడ యించుమించు డెబ్బది కిలోమీటర్లు. పూనానుండి హైదరాబాదు మీదుగా వచ్చు 65వ నంబరు జాతీయ రహదారికి మా యూరే తుద. గూడూరు, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు వరుసగా వచ్చును. పామర్రు చెంత కూచిపూడికి దారి చీలును. ఉయ్యూరున చక్కెర మిల్లు, ఏటేట తిరునాళ్ళు జరుగు వీరమ్మ తల్లి గుడి గలవు. ఇరువంకల వరిచేలు కంకి వంగి పసుపు తిరుగుచుండెను. ఆ దారి యందమును చూచుటకు మాకా దినమున తీరిక లేకపోయెను. దారి బాణమువలె తిన్నగా నున్నది. కారు మాత్ర మటు నిటు మసలుచున్నది. మా వారి చేతులు ఱెప్పపాటైన నూరకుండుట లేదు. స్టీరింగు చక్రమును కుడికి రెండంగుళములు త్రిప్పినను కారు వినదు. మూడవ యంగుళమున నొక్కమారు వినును. అంతలో నెడమకు దిద్దవలెను. ఎదుటినుండి లారీ వచ్చినపుడు దాని గాలి త్రోపునకు మా కారు ప్రక్కకు జరిగి మరల వచ్చుచుండెను. గంటకు నలువది కిలోమీటర్లకు మించి పోనీయలేదు. వెనుక సీటునుండి అత్తగారు “ఏమిట్రా, బండి తాగినవాడిలా నడుస్తోంది!” అనిరి. ఆ దోషమును గూర్చి తరువాత మేము వినిన వివరణము లన్నిటిలో నింత చక్కని వర్ణన మఱియొకటి లేదు.

ఇచ్చట రెండు దోషములకు గల భేదము చెప్పవలెను. కారు ఎల్లప్పు డొకే వైపునకు లాగుట వేఱు; అటు నిటు రెండు వైపులకు మసలుట వేఱు. ఒకే వైపునకు లాగినచో ఒక టైరులో గాలి తగ్గియైన నుండవచ్చును, ఒక చక్రమున బ్రేకు పట్టియైన నుండవచ్చును. మన రోడ్లు వాననీరు జారుటకై నడుమ మిట్టగా, అంచుల పల్లముగా నుండును గనుక, ఎడమప్రక్క నడచు మన కార్లు కొంచెము ఎడమకు జారుటయు సహజమే. రెండు వైపులకు మసలుట యన్నచో నెచ్చటనో కీళ్ళు వదులైన వన్నమాట. ఒక్క కీలే కానక్కఱలేదు. నాలుగు చోట్ల నువ్వుగింజంత వదులున్నను అవి యన్నియు కలిసి స్టీరింగు చక్రము కడకు వచ్చుసరికి రెండంగుళము లగును.

కానూరు దాటిన పిమ్మట ఆటోనగరము. 1960ల దశకమున మోటారు పనివారి కొఱ కేర్పడిన పేట యిది; ఇప్పుడు చూడగా నిది యొక పట్టణమే. మన యూళ్ళలో కంసాలి వీథి, కుమ్మరి వీథి యున్నట్లే యిచ్చట ఒక్కొక్క వీథి కొక్కొక్క విద్య. ఒక వీథిలో కమాను పట్టీలు కొలిమిలో నెఱ్ఱగా కాలుచుండును. ఒకచోట లారీలకు కొయ్యతో మేను కట్టుచుందురు. ఆ రంపపు పొట్టు వాసన యొక్కటియే అచ్చట ముక్కునకు హితమైనది. ఇంకొకచోట రేడియేటర్లకు మాట్లు వేయుదురు. ఒక చిత్రకారుడు లారీ వెనుక తలుపుపై నెమలిని వ్రాయుచుండెను. ఆ నెమలి మెడ వంపును చూచిన రంగవల్లులు తీర్చు చేతులు సయితము సిగ్గుపడవలెను. సీట్లకు తొడుగులు కుట్టు కొట్టులో నిద్దరు స్త్రీలు మిషను త్రొక్కుచుండిరి. మమ్ము చూచి నవ్వి, అత్తగారికి కుర్చీ వేసిరి. నేలయంతయు నూనెతో నల్లబడి యున్నది గనుక తెల్లచీర కట్టుకొని పోవువారు జాగ్రత్తపడవలెను.

మేము కలసికొనిన మేస్త్రీగారు అరువదియేండ్లు దాటినవారు. అంబాసిడర్లతోడనే తల నెరసినదని వారే చెప్పిరి. మా వారు రాకు సంగతి యెత్తబోగా, “మాస్టారూ, రోగం పేరు తరవాత చెప్పుకుందాం. ముందు లక్షణాలు చెప్పండి” అని, మా వారి నడుగక అత్తగారి వైపు తిరిగి, “పెద్దమ్మగారూ, వెనక కూర్చున్నవాళ్ళకే ముందు తెలుస్తుంది. గతుకు దాటాక బండి ఎన్నిసార్లు ఊగుతోంది? వెనక భాగం పక్కకి జారినట్టు ఉంటోందా?” అని యడిగిరి. అత్తగారు “మూడుసార్లు ఊగుతోంది నాయనా. మలుపు తిరిగాక వెనక ఎవరో పట్టుకుని లాగినట్టు ఉంటుంది” అనిరి. మేస్త్రీగారు తలయూచి, సుద్దముక్కతో వెనుక కుడిచక్రము మీద నొక గీత గీసి పెట్టుకొనిరి.

పనిముట్టు పట్టకమునుపు వారు చేసిన మొదటి పని గాలి కొలుచుట. ముందు కుడి టైరులో 26 పౌండ్లు, ఎడమదానిలో 17. వాల్వు కడ నుమ్మి తడి చేయగా సన్నని బుడగ లుబికెను. ఆ వాల్వు ఖరీదు కాఫీ ఖరీదు. ఇంకొకరెవరైన నిది చూడకయే కారును విప్పియుందురు. తరువాత వారు టైరుల మీద అరచేయి నుంచి లోపలినుండి వెలికి, వెలినుండి లోపలికి నిమిరిరి. మమ్మును నిమిరి చూడుమనిరి. ఒక వైపు నునుపుగా, రెండవ వైపు అంచులు గఱుకుగా తగిలెను. పిండి జల్లెడ నడుగున నిమిరినట్లుండెను. చక్రములు తిన్నగా దొర్లక కొంచె మేటవాలుగా నీడ్వబడుచున్న గాని టైరున కట్టి యరుగుదల రాదట. టైరు ఒక అంచున మాత్రమే యరిగిన చక్రము ఒరిగినదని యర్థము; అచ్చటచ్చట గుంటలు గుంటలుగా నరిగిన షాక్ అబ్జార్బరు చచ్చినదనియో, కీళ్ళు వదులైనవనియో యర్థము. ఇంటి గోడను చూచి యింటి యిల్లాలిని చెప్పినట్లు టైరును చూచి కారును చెప్పవచ్చునని మాకు తోచెను.

ఆ పిమ్మట మమ్ము డ్రైవరు సీటున కూర్చుండుమనిరి. చక్రములు నేలమీదనే యుండవలెను, ఇంజను ఆగి యుండవలెను. స్టీరింగును చల్ల చిలుకు కవ్వమువలె కొద్ది కొద్దిగా అటు నిటు, ఆగకుండ త్రిప్పుచుండవలెను. ఇది కండబలముతో పనిలేని పని. రెండవ మనిషి దీపము పట్టుకొని క్రింద ఒక్కొక్క కీలు మీద వ్రేలుంచి చూచును. కన్నున కగపడని వదులు వ్రేలికి తెలియును. ఈ పరీక్షకు కావలసిన వారిద్దరు. ఒకరు స్త్రీ యైనను కొదువ లేదు. చదువరు లెవరైన తమ యింట కారు మసలుచున్నదని యనుమానించినచో నీ యొక్క పరీక్షను తామే చేసికొనవచ్చును. అయితే జాకీని మాత్రమే నమ్మి యెవ్వరును కారు క్రింద దూరరాదు. మేస్త్రీగారు కారు నెత్తినపుడెల్ల ఇనుప గుఱ్ఱముల మీద నిలిపిన తరువాతనే తల లోపల పెట్టిరి.

మేము త్రిప్పుచుండగా ఎడమప్రక్క నుండి “ఆపండమ్మా” అని కేక వచ్చెను. దిగి చూచితిమి. స్టీరింగు రాకునుండి చక్రమునకు పోవు కడ్డీని టై రాడ్డు అందురు. దాని చివర మన భుజపు కీలువలె నొక గుండు, ఆ గుండు కూర్చుండు గిన్నె యుండును. ఆ గిన్నె యరిగి గుండు లోపల కటకట లాడుచుండెను. అది యొక యెత్తు. ఆ కీలును చక్రమునకు బిగించు నట్టునకు కోట బురుజునకువలె గాళ్ళుండును. నట్టు విడిపోకుండ ఆ గాళ్ళలో నొక చీలుపిన్ను దూర్చి రెండు కొనలు విఱిచి వంచవలెను. మా కారున ఆ పిన్ను లేదు. దాని స్థానమున పూలమాల కట్టుకొను తీగవంటి సన్నని తీగ నెవరో రెండు చుట్లు చుట్టి విడిచిరి. తీగ త్రుప్పుపట్టి సగము తెగియున్నది. నట్టు రెండు మెలికలు వదులై యున్నది. మేస్త్రీగారు ఆ తీగను పీకి మా వారి యరచేత పెట్టి, “ఇది తెగి, నట్టు ఊడితే స్టీరింగు మీ చేతిలో ఉంటుంది, ఎడమ చక్రం దాని ఇష్టం” అనిరి.

కైకేయి రథచక్రపు సీల యూడిపోగా దాని స్థానమున తన వ్రేలుంచి దశరథుని కాపాడినదని మన యిండ్లలో చెప్పుకొను కథ యున్నది. వాల్మీకమున నీ వ్రేలి ముచ్చట లేదు. అందామె మూర్ఛిల్లిన భర్తను రణభూమినుండి తప్పించి తెచ్చిన మాట మాత్రమే కలదు. అయినను కథ కల్పించిన యవ్వ యెవరో రథమును బాగుగ నెఱిగినదే. యుద్ధమంతయు ఒక్క సీల మీద నిలుచునని యామెకు తెలియును. శ్రీశైలపు ఘాటులో మాకు వ్రేలుంచుటకైన నవకాశ ముండెడిది కాదు. అత్తగారా తీగను చేతికి తీసికొని చూచి, కొంతసేపు మాటాడక, “ఎన్నాళ్ళ నుంచి ఉందో” అని మాత్రమనిరి. ఆ కారులోనే మా పిల్లలు ప్రతి వేసవియందును తాతగారి యూరికి పోయి వచ్చుచున్నారు.

తరువాతి పరీక్ష చక్రము లెత్తి చేసినది. చక్రమును పైనొక చేత, క్రిందనొక చేత పట్టి ఊపగా కదలినచో బేరింగైన వదులు, చక్రము మలగు నిలువు కీలైన వదులు. ఈ రెంటిలో నేదో తెలియుటకు వారొక చక్కని యుపాయము చూపిరి. ఒకరు లోపల కూర్చుండి బ్రేకు గట్టిగా త్రొక్కవలెను. అప్పుడు కదలిక మాయమైన దోషము బేరింగుది. మాయము కాకున్న నిలువు కీలుది. మాది బ్రేకు త్రొక్కగనే మాయమైనది. బేరింగును కడిగి, గ్రీజు నింపి, నట్టును తగినంత బిగించిరి. అంతటితో నది తీరెను. చక్రమును కుడియెడమల పట్టి ఊపుట స్టీరింగు కీళ్ళ కొఱకు. ఆ పరీక్షలో కుడిప్రక్క టై రాడ్డు గట్టిగనే నిలిచెను.

ఇక్కడ మే మనుకొనని సంగతి యొకటి బయల్పడెను. వదులెంత దోషమో బిగువు నంత దోషమట. కుడి చక్రపు నిలువు కీలునకు గ్రీజు పెట్టు చన్ను మూతి యెండి గట్టిపడి, గ్రీజు లోనికి పోక వెలినే పూసికొనుచుండెను. లోపల కీలు పొడిగా నుండి పట్టివేయుచున్నది. సైకిలు ముందరి కఱ్ఱ కొంచెము వాలి యుండుట చేతనే గదా, చేతులు వదలినను సైకిలు కొంత దూరము తిన్నగా పోవుచున్నది. కారు చక్రమును అట్లే వాలుగల కీలు మీద మలగును. మలుపు తీరగనే దానంతట నది తిన్నబడవలెను. కీలు పట్టివేసిన చక్రము తిరిగి రాదు, నడుపువాడు చేతితో తేవలెను, తెచ్చునపు డెక్కువగును, మరల దిద్దవలెను. ఈ విధమున వదులు లేకయే కారు మసలును. తిరుగలి యిరుసునకు చమురు తగులనిచో పిండి సమముగ రాదన్న సంగతి మన పూర్వపు స్త్రీలకు తెలిసినదే. క్రొత్త చన్ను బిగించి గ్రీజు కొట్టగా, నల్లని పాత గ్రీజంతయు వెడలి, కడకు పసుపుపచ్చని క్రొత్తది కనబడువఱకు ఆపలేదు.

రాకు సంగతి. పదునెనిమిదివేల రాకునకు వచ్చిన రోగము, దానిని కారు మేనునకు బిగించు పట్టీలలో రబ్బరు నలిగిపోవుట. స్టీరింగు త్రిప్పినపుడు ముందు రాకు గొట్టమే కొంచెము ప్రక్కకు జరిగి, తరువాత చక్రము కదలుచుండెను. రోలు కదలుచున్నపుడు రోకలిని మార్చిన నేమి లాభము? రబ్బరులు మార్చి పట్టీలు బిగించిరి. లోపలి పండ్లు బాగుగనే యున్నవని త్రిప్పి చూపిరి.

వెనుకవైపు అత్తగారు చెప్పినదంతయు నిజమయ్యెను. కారు మూలను చేతులతో అదిమి విడిచిన నొకమారు పైకి లేచి కుదురుకొనవలెను. ఎడమవైపు అట్లే కుదురుకొనెను. మేస్త్రీగారు సుద్దగీత గీసిన కుడి మూల మూడుమార్లు ఊగెను. ఆ షాక్ అబ్జార్బరునుండి నూనె కాఱి దుమ్ముతో గట్టిపడియున్నది. ఈ కారున ముందు చక్రముల బరువును పొడవైన ఇనుపకడ్డీలు మెలిపడి మోయును. వెనుక మాత్రము ఎద్దుబండి కాలమునాటి పద్ధతిగా కమానుకట్టలు. ఆ కమాను చెవులలోని రబ్బరు బుష్షులు నలిగి నూగయ్యెను. అప్పుడు వెనుక ఇరుసు అడుగడుగునకు కొంచెము ముందునకు వెనుకకు జరుగును. జరిగినపుడెల్ల వెనుకనుండియే కారును త్రిప్పును. ముందున నెంత సరిచేసినను వెనుకనున్న యీ రెండవ సారథిని మాన్పనిచో ఫలము లేదు. పలు దుకాణములలో నీ భాగమును చూడనే చూడరని మేస్త్రీగారు చెప్పిరి. వెనుక కూర్చున్న ముసలమ్మ నడుగువారు తక్కువ గనుక నట్లగుచుండవచ్చును.

పనికి కావలసిన సామాను తెచ్చుటకు మా వారితో మేమును బోయితిమి. పాత సామాను వీథిలో వాడిన టై రాడ్డు చివరలు నాలుగవ వంతు వెలకే దొరకును. మేస్త్రీగారు ముందే హెచ్చరించిరి గనుక వాని వంక చూడలేదు. తలుపు పిడియో అద్దమో పాతది కొనవచ్చును. కీలు పాతది కొనరాదు. క్రొత్తదానిని కొనునప్పుడును దాని రబ్బరు టోపీని నొక్కి చూడవలెను. పగుళ్ళున్న దుమ్ము దూరి గుండు త్వరలోనే యరుగును. పాత కీలును విప్పునపుడు మేస్త్రీగారి శిష్యుడు మెలికలు పైకి లెక్కబెట్టెను, పదునొకండు. క్రొత్తదానిని సరిగా పదునొకండు మెలికలే బిగించెను. అల్లికలో కుట్లు లెక్కించు పద్ధతి యిదియే గదా యని మాకు నవ్వు వచ్చెను.

అన్నిటి తరువాతనే అలైన్‌మెంటు. కీళ్ళు వదులుగా నుండగా అలైన్‌మెంటు చేయించుట నీళ్ళ మీద ముగ్గు పెట్టుట. యంత్రము మీద సరిగానే కనబడి వీథి చివరకు పోవుసరికి చెడును. ముందు చక్రముల ముందరి యంచులు వెనుక యంచులకన్న పిసరంత దగ్గఱగా, నడక నేర్చు పిల్లవాని కాలివ్రేళ్ళవలె లోపలికి చూచుచుండవలెను. మావి వెలికి చూచుచుండెను. మేస్త్రీగారు వెనుక చక్రమునుండి ముందు చక్రమునకు నూలుదారము బిగలాగి ముందుగా సరిచూచిరి. తరువాత ప్రక్క వీథిలో యంత్రము గలవారి కడకు పంపగా అచ్చటి లెక్కయు దారపు లెక్కయు వెండ్రుకవాసి భేదముతో సరిపోయెను. యంత్రపు కుఱ్ఱవాడు ఆశ్చర్యపడలేదు. అది యచ్చట నిత్యము జరుగునదే కాబోలు.

ఉదయము పదింట మొదలైన పని సాయంకాల మాఱింటికి తీరెను. సామాను, కూలి, యంత్రపు కూలి అన్నియు కలిసి 5,400 రూపాయలు. అత్తగారు తన కొంగుముడినుండి నూఱు రూపాయలు తీసి శిష్యుని చేతిలో పెట్టిరి. బందరు రోడ్డు మీద కానూరు వఱకు పోయి వచ్చితిమి. మా వారి చేతులు స్టీరింగు మీద నూరక నిలిచియుండుట చాలకాలమునకు చూచితిమి. లారీ ఎదురైనను కారు తన దారిని తాను పోయెను.

తీగ తునుకను ఫోటో తీసి మరిదిగారికి పంపితిమి. ఆ రాత్రి బదులు రాలేదు. తెల్లవారి “ఘాటు మీద జాగ్రత్త వదినా, అమ్మకి శాలువా పెట్టండి” అని వచ్చెను. పాత సామాన్లవాని ప్రస్తావన లేదు.

ఆదివారము తెల్లవారుజామున బయలుదేరితిమి. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ వెనుకబడెను. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని చెప్పబడు త్రిపురాంతకమున అత్తగారు దూరమునుండియే నమస్కరించిరి. దోర్నాలలో ఆగి కాఫీ త్రాగునపుడు మేస్త్రీగారు చెప్పిన ప్రకారము నాలుగు చక్రముల నడిమి భాగములను చేతితో తాకి చూచితిమి. ఒకటి తక్కినవానికన్న ఎక్కువ వేడిగా నున్నచో బేరింగు బిగువై యుండవచ్చును, బ్రేకు పట్టియుండవచ్చును. నాలుగును ఒకే తీరున నులివెచ్చగా నుండెను. అచ్చటినుండి శ్రీశైలము వఱకు నించుమించు ఏబది కిలోమీటర్లు నల్లమల యడవి. పులుల రక్షితారణ్య మగుటచే రాత్రివేళ దారి మూసివేయుదురు, పగటనే దాటవలెను. మలుపు వెంట మలుపు. ప్రతి మలుపు తీరగనే స్టీరింగు మా వారి వ్రేళ్ళ నడుమ తానే జారి తిన్నబడుచుండెను. ముందునాటి గ్రీజు చలవయే యిది. అత్తగారు వెనుక సీటున శివనామము చేయుచు మధ్యమధ్య “ఊగటం లేదురా” అని చెప్పుచుండిరి.

శిఖరేశ్వరము కడ మెట్లెక్కుటకు మాత్రము ఇద్దరము చెఱియొక రెక్క పట్టవలసి వచ్చెను. నంది వీపున నువ్వులు పోసి, కొమ్ముల నడుమనుండి ఆలయ శిఖరమును వెదకి, కనబడినదని యామె చెప్పువఱకు వెనుకనున్నవా రెవ్వరును తొందరపెట్టలేదు.

తిరిగి వచ్చిన పిమ్మట వేయి కిలోమీటర్లు నిండగనే కమాను బోల్టులను, రాకు పట్టీలను మరల నొకమారు బిగించి చూడవలెనని మేస్త్రీగారి యాజ్ఞ. క్రొత్త రబ్బరు కుదురుకొని వదులగునట. అదియు చేయించితిమి. గ్రీజు పెట్టించిన తేదీ, టైరు గాలి కొలత, చీలుపిన్నులు చూచిన తేదీ పాలలెక్క వ్రాయు పుస్తకమున వెనుకపుటలో వ్రాసికొనుచున్నాము. తరువాతి గ్రీజు మాఘమాసమున.